చప్పుడు కాని అయిదు

బుధవారం రాత్రుళ్ళు త్రీ పేర్స్ పబ్బు వెనక గదిలో
నాది కుంచె పని.
గుండు పడ్డప్పుడల్లా ఇనప పలకకి తెల్లరంగు పూస్తాను.
సీసం తగిలినచోట బూడిదరంగు మచ్చ,
మచ్చ ఎంత దూరమో చూసి అంకె అరుస్తాను:
నాలుగు. మూడు. ఎవరికైనా చెయ్యి వణికితే, రెండు.
నట్టనడుమ చిటికెనవేలి మొన దూరేంత బెజ్జం.
అందులోంచి దూసుకుపోతే పలక మీద ఏమీ మిగలదు,
వెనక గంట మోగుతుంది. అయిదు.

గురి కుదిరిన దెబ్బకి ఆనవాలుండదు.
గోడకి పోయిన దెబ్బకీ ఉండదు.
ఆ రెంటికీ తేడా అల్లా
ఠంగుమనే ఆ ఒక్క చప్పుడే.

ఇవాళ లీగులో ఆఖరి పోటీ.
వై నది అవతలి ఒడ్డు నుంచి ఫెర్రీ ఇన్ జట్టు
ఆర్గురూ ఒకే వ్యానులో దిగారు,
బూట్లకి ఆపిల్ తోటల బురద.
వాళ్ళ కెప్టెన్ హెస్టర్ బఫ్టన్ బడిబస్సు నడుపుతుంది.
ఆవిడ తుపాకీ ఎత్తితే
వెనకసీట్లో పిల్లల్లా గదంతా సద్దుమణుగుతుంది.
శాండ్‌విచ్‌లు మా వంతు:
గుడ్డువి, హామువి, గిన్నెలో ఊరేసిన ఉల్లిపాయలు.
గెలిచినా ఓడినా తినేది అవే.

వాళ్ళ కుర్రాడు కల్లమ్‌కి ఇదే మొదటి ఏడు.
నాలుగో గుండుకి మచ్చా లేదు, మోతా లేదు.
సున్నా వేశాను.
చెవులు ఎర్రబడి, అయిదోది ఎలాగో కాల్చేసి
వ్యానులో కూచున్నాడు, అద్దాలు ఎత్తుకుని.

మాలో చివరివాడు అంబ్రోస్ ప్రోబర్ట్.
డెబ్బైతొమ్మిది. గొర్రెల బొచ్చు కత్తిరించిన చేతులు.
పోయిన చలికాలం చెవులు మూతపడ్డాయి.
కాల్చి, తుపాకీ దించి, నా మొహం చూస్తాడు.
అయిదువేళ్ళూ చూపిస్తే
కనుబొమలు ఓ నూలు లేస్తాయి,
ఆయన సంబరం అంతే.

వాళ్ళు నూట ముప్ఫై ఎనిమిది.
మేం నూట ముప్ఫై నాలుగు, ఇంకొక్క గుండు.

కాల్చాడు.
పలక తెల్లగా ఉంది. గంట లేదు.
ఆ నిశ్శబ్దం అందరికీ వినబడింది, ఆయనకి తప్ప;
ఆయనకి అన్ని గుళ్ళూ ఇలాగే ఉంటాయి.
నా వైపు తిరిగాడు.
నా చెయ్యి సగం లేచి, ఎన్ని వేళ్ళో తెలీక ఆగిపోయింది.

"మూత తియ్యి" అంది హెస్టర్.
గంట నాలుకకీ అంచుకీ మధ్య
చితికిన సీసం రేకొకటి ఇరుక్కుని ఊగుతోంది.
అది ఒకసారి అడ్డుపడుతుంది, ఒకసారి పడదు.
కింద టిన్ను పళ్ళెం. ఆటకి ముందు ఖాళీ చేసింది నేనే.
బల్ల మీద బోర్లించి లెక్కపెట్టాం,
చితికిన గుళ్ళు, పప్పుబద్దల్లా,
శాండ్‌విచ్‌ల పక్కనే.
పుస్తకంలో గంటలు నలభై ఒకటి.
బల్లమీద నలభై మూడు.

ఒకటి అంబ్రోస్‌ది.
రెండోది ఎవరిదో
హెస్టర్ అనలేదు. నాకేసి చూసిందంతే.
రబ్బరుతో ఆ సున్నా చెరిపినప్పుడు
కాగితం కొంచెం చిరిగింది.

నూట నలభై మూడు వాళ్ళది. నూట ముప్ఫై తొమ్మిది మాది.

అంబ్రోస్‌కి అయిదువేళ్ళు చూపించాను.
కనుబొమలు లేచాయి. బోర్డు చదివాడు.
దిగలేదవి.
కోటు వేసుకోకుండానే బయటికి నడిచి
వ్యాను అద్దం మీద వేలితో కొట్టాడు.
కుర్రాడు అద్దం దించితే
అరచెయ్యి చాపి వాడి ముందు పెట్టాడు,
అయిదువేళ్ళూ విప్పి.

వాడికి అర్థం కాలేదు.
ఏదో ఇస్తున్నాడేమోనని
ఆ ఖాళీ చేతిలోకి తొంగి చూశాడు.